రెండు తాళాల బీరువా

మార్ఫిన్ రిజిస్టర్లో అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. తెల్ల సిరా పూయకూడదు. పేజీ చింపకూడదు. సాయంత్రం బీరువా మూసేముందు స్ట్రిప్పులు లెక్కపెట్టి, పుస్తకంలోని నిల్వతో సరిచూసుకోకుండా ఇంటికి పోకూడదు. మా దగ్గర కొత్తగా చేరిన ఫార్మసిస్టుకు నేను మొదటిరోజు నేర్పేది ఇదే. మందు గుణాలు, మోతాదులు, రోగులతో మాట్లాడే తీరు ఆ తర్వాత.

మాది కర్నూలు పక్కన కల్లూరు. హంద్రీకి అవతల కర్నూలు, ఇవతల కల్లూరు అనుకుంటూ పెరిగాం. ఇప్పుడు రెండూ కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో కొత్తవాళ్లకు తెలియదు. డి.ఫార్మసీ చదివి మొదట మందుల షాపు కౌంటర్లో నిలబడ్డాను. అక్కడినుంచి ఆసుపత్రి ఫార్మసీకి, ఆ తర్వాత క్యాన్సర్ రోగుల నొప్పి చూసే పాలియేటివ్ కేర్ విభాగానికి వచ్చాను. ఏళ్లుగా మార్ఫిన్ బీరువా బాధ్యత నాది. దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది వార్డు సిస్టరు దగ్గర. ఇద్దరం ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది, ఇద్దరం సంతకం పెడితేనే మాత్ర బయటికి పోతుంది.

ఇంత కట్టుదిట్టం దేనికని కొత్తపిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. షాపులో పనిచేసే రోజుల్లో ఒకాయన రాయవేలూరు చీటీ పట్టుకుని వచ్చాడు. మా వైపు పెద్ద జబ్బు చేస్తే వేలూరుకో, బెంగుళూరు కిద్వాయికో, హైదరాబాదు ఎంఎన్‌జేకో పోవడమే కదా అలవాటు. చీటీలో మార్ఫిన్ పది మిల్లీగ్రాముల మాత్రలు రాసున్నాయి. భార్యకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. వేలూరులో ఇచ్చినవి అయిపోయాయి. కర్నూలంతా తిరిగి తిరిగి మా మెట్లెక్కాడు.

"ఈ మందు మా దగ్గర ఉండదన్నా" అన్నాను.

"యాడ ఉంటాదో అదన్నా చెప్పప్పా, పోయి తెచ్చుకుంటా."

నాకు తెలియదు. మా ఓనరుకూ తెలియదు. మందుల షాపుల బజారు మొత్తంలో ఎవరికీ తెలియదు. ఆ మందు ఎందుకు దొరకదో తెలుసుకోవాలని నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

కథ 1985లో మొదలైంది. ఆ ఏడు ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. గంజాయి, హెరాయిన్ అమ్మేవాళ్లను పట్టడానికి తెచ్చిన చట్టం. శిక్షలు భారీవి, చాలా నేరాలకు పదేళ్ల కఠిన కారాగారంతో మొదలయ్యేవి. మార్ఫిన్ కూడా నల్లమందులోంచే వస్తుంది కాబట్టి ఆసుపత్రులూ షాపులూ కంపెనీలూ దాన్ని ముట్టుకోవడానికి జంకాయి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నియమావళి. సరుకు తెప్పించుకోవాలంటే ఎక్సైజు వాళ్ల కాగితం, డ్రగ్స్ కంట్రోలు వాళ్ల కాగితం, రవాణాకు ఇంకో కాగితం, అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలి. చివరిది చేతికొచ్చేలోపు మొదటిదాని గడువు తీరేది. 1985లో దేశం మొత్తం వాడిన మార్ఫిన్ 716 కిలోలు. 1997కి అది 18 కిలోలకు పడిపోయింది. ఆ పన్నెండేళ్లలో క్యాన్సరేమీ తగ్గలేదు. మార్ఫిన్ మాత్రను కంటితో చూడకుండానే చదువు ముగించి డాక్టర్లైనవాళ్ల తరం ఒకటి వచ్చేసింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సున్న రైతులు ప్రభుత్వం కోసమే నల్లమందు పండిస్తారు. ఘాజీపూర్‌లో, నీమచ్‌లో దాన్ని శుద్ధిచేసే ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. ఎన్నో దేశాల మందుల కంపెనీలకు ఇక్కడినుంచే నల్లమందు పోయింది. తుంగభద్ర ఒడ్డున ఉండి బిందెడు నీళ్ల కోసం ట్యాంకరుకు ఎదురుచూసే ఊళ్లు మా జిల్లాలో ఉన్నాయి. మార్ఫిన్ విషయంలో దేశమంతా అట్లే ఉండింది.

దాన్ని మార్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ సురేశ్‌కుమార్, ఇంకా కొందరితో కలిసి నొప్పి క్లినిక్ మొదలుపెట్టారు. 2003లో తిరువనంతపురం కేంద్రంగా పాలియమ్ ఇండియా స్థాపించారు. చట్టం మారేదాకా ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు నేల మీద ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగాన్ని నిలబెట్టినవారు డాక్టర్ గాయత్రి పాలాట్. నేను పని నేర్చుకున్నది కూడా ఎంఎన్‌జేలోనే. కర్నూల్లో తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రెడ్‌హిల్స్‌లో ఆసుపత్రి గేటు దగ్గర చాపలు పరుచుకుని పడుకున్న మన జిల్లా జనాన్ని చూసుకుంటూ లోపలికి పోయిన మొదటి ఉదయం నాకు బాగా గుర్తుంది. నెలకు సరిపడా మాత్రల కోసం రెండు వందల కిలోమీటర్లు దాటి వచ్చినవాళ్లు వాళ్లు.

అక్కడ ఒక సీనియరు సిస్టరు నాకు గురువు. ఆమె పేరు రాయొద్దంది, రాయను. కిటికీలోంచి మందు అందిస్తున్న నన్ను చూసి, "బయటికొచ్చి బెంచీ మీద వాళ్ల పక్కన కూర్చో బాబూ. మార్ఫిన్ కిటికీలోంచి ఇచ్చే మందు కాదు" అంది. ఆరోజు నుంచి ఇప్పటిదాకా మొదటిసారి మార్ఫిన్ తీసుకునే ఏ రోగికీ నేను కిటికీలోంచి ఇవ్వలేదు. పక్కన కూర్చుంటే తెలిసే సంగతులు వేరు. మింగగలడా లేదా, చదవడం వచ్చా రాదా, ఇంట్లో గడియారం ఉందా, మాత్ర ఎవరు వేస్తారు, చిన్నపిల్లలున్నారా, డబ్బా ఎక్కడ పెడతారు. ఇవి తెలియకుండా చేతిలో పెట్టే మాత్ర సగం దారిలోనే చెడిపోతుంది.

నొప్పి ఎంతుందో కొలవడం మొదటి పని. పుస్తకాల్లో సున్నా నుంచి పదిదాకా ఒక కొలబద్ద ఉంటుంది. మా పల్లెల్లో అది పనిచేయదు. పదికి ఎంతమ్మా అంటే మొహం చూస్తారు. అందుకని నేను రూపాయిలో అడుగుతాను. పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా, నిండు రూపాయా? ఉలిందకొండ నుంచి వచ్చిన ఒక అవ్వను ఇట్లే అడిగితే, "రూపాయి యాడిది నాయనా, రూపాయిన్నర ఉండాది" అంది. మూడో రోజు మళ్లీ అడిగాను. "పావలా ఉండాది. పావలా అయితే నేను మోసుకుంటాలే" అంది. మోసుకోనియ్యలేదు. డాక్టరుగారికి చెప్పి డోసు ఒక మెట్టు పెంచాం. రోగి సర్దుకుంటానన్న పావలాను కూడా వదలొద్దు. మా వైపు జనం కరువుల్ని ఓర్చుకోవడం నేర్చినవాళ్లు, నొప్పినీ అట్లే ఓర్చుకుంటారు. ఇంకో కిటుకు: నొప్పి ఎట్లుందని మొదట అడగొద్దు. రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. మగవాళ్లు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు, నొప్పి ఉందని ఒప్పుకోరు. నిద్రలేదని మాత్రం ఒప్పుకుంటారు.

రెండో పాఠం గడియారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పిన పద్ధతినే ఇప్పటికీ పాటిస్తున్నాం. వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి, నొప్పి తీవ్రతను బట్టి మెట్టు ఎక్కాలి, టైము ప్రకారం వేయాలి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. అందుకే పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. రాత్రి పదింటి డోసు రెట్టింపు వేస్తే మధ్యలో లేపాల్సిన పనుండదు. చెప్పడానికి సులువే. ఇంట్లోవాళ్లు చేసేదేమంటే, రోగి అరిచినప్పుడు వేస్తారు, అరవకపోతే దాచిపెడతారు. దాచి ఉంచితే మందు ఎక్కువ రోజులు వస్తుందని, అలవాటు పడడని వాళ్ల ఆలోచన. అప్పుడు రోగికి రోజంతా నొప్పికీ మాత్రకూ మధ్య ఎదురుచూపే మిగులుతుంది.

చదువురాని ఇళ్లకు నేను కవర్ల మీద బొమ్మలు వేస్తాను. కోడి, ఎక్కొచ్చిన ఎండ, అన్నం గిన్నె, దీపం, చుక్కలు. ఐదు కవర్లు. కోడి కవరు పొద్దుననే, చుక్కల కవరు పడుకునేముందు, అందులో మాత్రలు రెండు. పర్ల వైపు ఒక ఇంట్లో కోడలు ఆ కవర్లను పొయ్యి పైన గోడకు వరసగా మేకులు కొట్టి తగిలించింది. ఇంతకంటే మంచి పద్ధతి నాకు తోచలేదు, అప్పట్నుంచి అందరికీ అదే చెబుతున్నాను. పొయ్యి వేడి మాత్రం తగలనియ్యొద్దు, గోడ ఇంకో వైపుది చూసుకోమంటాను.

మూడోది విరేచనం. మార్ఫిన్ వేసుకున్న మనిషికి మలబద్ధకం తప్పదు. మగత నాలుగు రోజుల్లో పోతుంది, వాంతి వారంలో పోతుంది, ఇది మాత్రం మందు ఉన్నన్నాళ్లు ఉంటుంది. కాబట్టి మార్ఫిన్ చీటీలో బిసాకోడిల్ మాత్ర లేకపోతే నేను చీటీని వెనక్కి పంపుతాను. డాక్టరు చిన్నవాడైనా పెద్దవాడైనా పంపుతాను, ఇంతవరకు ఎవరూ కోప్పడలేదు. తడకనపల్లె నుంచి వచ్చే ఒక పెద్దాయన, పాలకోవా వ్యాపారం చేసినాయన, హఠాత్తుగా మార్ఫిన్ మానేశాడు. మందు పడటం లేదన్నాడు కొడుకు. నేను ఆయన్నే అడిగాను. "నొప్పన్నా ఓర్చుకుంటా గాని ఆ కడుపు ఉబ్బరం ఓర్చుకోలేనప్పా" అన్నాడు. విరేచనాల మాత్ర కొనమని చెప్పి పంపిన షాపులో మామూలు గ్యాసు మాత్ర ఇచ్చి పంపారు. ఆ తర్వాత నుంచి విరేచనాల మాత్ర కూడా మేమే చేతిలో పెడుతున్నాం.

నాకు ఈ పనిమీద గురి కుదిరింది ఒక బేల్దారి మేస్త్రీ వల్ల. గుట్కా నమిలి నమిలి బుగ్గ క్యాన్సర్ తెచ్చుకున్నాడు. నలభై కూడా లేవు. నోరు తెరుచుకోదు, ముక్కు గొట్టంతో గంజి. పుండు వాసనకు ఇంట్లో పిల్లల్ని కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పుండు మీద మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి చల్లమన్నాం. వాసన రెండు మూడు రోజుల్లో తగ్గింది. మార్ఫిన్ మామూలు మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి గొట్టంలో పంపాం. ఇక్కడ జాగ్రత్త: మామూలు మాత్రనే నూరాలి. పన్నెండు గంటలు పనిచేసేలా చేసిన ఎస్‌ఆర్ మాత్రను ఎప్పుడూ నూరకూడదు, పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. రెండోరోజు పొద్దున అతని భార్య వచ్చి నా ముందు నిలబడింది. "రాత్రంతా నిద్రపోయినాడు సార్. ఏమన్నా అయిందేమోనని నేనే మూడుసార్లు లేపి చూసినా" అంది. ఆయన నెలల తర్వాత మొదటిసారి నిద్రపోయాడు. నెలన్నర బతికాడు. ఆ నెలన్నరలో పెద్దకూతురు పక్కన కూర్చుని టీవీ చూశాడు, సైటు మీద తనకు రావాల్సిన బాకీలన్నీ భార్యకు ఒక్కొక్కటిగా చెప్పి రాయించాడు.

ఎండాకాలం మాది వేరే శాస్త్రం. రోహిణి కార్తెలో నాపరాళ్ల మిద్దె కింద మంచం మీద పడుకున్న రోగికి ఫెంటనిల్ ప్యాచ్ అంటించారనుకోండి. ఆ ప్యాచ్ చర్మంలోంచి మూడు రోజులు కొద్దికొద్దిగా మందు పంపుతుంది. ఒళ్లు వేడెక్కితే ఎక్కువ పంపుతుంది. కంపెనీ కాగితంలో వేడి తగలనివ్వొద్దని ఉంటుంది, కానీ అది రాసినవాళ్లకు మా కర్నూలు ఎండ తెలిసి ఉండదు. ఒకసారి మధ్యాహ్నం ఫోనొచ్చింది. మామగారు పలకడం లేదని కోడలు ఏడుస్తోంది. ప్యాచ్ అంటించిన భుజం నొప్పంటున్నాడని ఉప్పు మూట కాచి కాపడం పెట్టిందట. ముందు ప్యాచ్ పీకేయమన్నాను. ఛాతీ మీద చెయ్యిపెట్టి నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టమన్నాను, ఫోను కట్ చేయకుండా నేను టైము చూశాను. గట్టిగా పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు. ఆసుపత్రికి తెప్పించి, మర్నాటిదాకా కనిపెట్టుకుని ఉన్నాం. ప్యాచ్ తీసినా చర్మంలో చేరిన మందు గంటల తరబడి లోపలికి పోతూనే ఉంటుంది కాబట్టి తీశాం కదా అని ఇంటికి పంపకూడదు. తేరుకున్నాడు. ఇప్పుడు ప్యాచ్ ఇచ్చేటప్పుడు కాపడం, ఆముదం మర్దన, ఎండలో మంచం, మూడూ వద్దని ఇంట్లో ఉన్న ఆడవాళ్లకే చెబుతున్నాను. మందు తీసుకుపోయేది మగవాళ్లయినా, చూసుకునేది వాళ్లే.

ఎండాకాలంలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: మూత్రం ఎంత వస్తోంది? మార్ఫిన్ విరిగి తయారయ్యే పదార్థాలు బయటికి పోయేది మూత్రపిండాల ద్వారా. నీళ్లు తక్కువై, లేదా గర్భాశయ క్యాన్సర్ మూత్రనాళాలను నొక్కేసి, మూత్రం తగ్గితే అవి ఒంట్లో పేరుకుంటాయి. చేతులు ఉలిక్కిపడతాయి, మనిషి లేనివి చూస్తాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. పాత డోసునే కొనసాగిస్తే ప్రమాదం. డోసు తగ్గించాలి, లేదా మందు మార్చాలి. ఈ ప్రశ్న డాక్టరు అడిగి ఉంటాడులే అనుకోవద్దు. రీఫిల్‌కు వచ్చిన ప్రతివాళ్లనూ మీరే అడగండి.

మాత్ర ఎవరు వేస్తారన్నది మా జిల్లాలో పెద్ద చిక్కు. సంక్రాంతి దాటితే పడమటి పల్లెలు సగం ఖాళీ. సుగ్గికి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, ఇళ్లకు తాళాలేసుకుని పోతారు. కోడుమూరు అవతల ఒక పల్లెలో కొడుకులిద్దరూ సుగ్గికి పోయి, రొమ్ము క్యాన్సర్ ముదిరిన తల్లిని ఇంట్లో వదిలారు. వదిలారని వాళ్లను తిట్టడం తేలిక. ఆ మూడు నెలల కూలితోనే ఆమె వైద్యానికి చేసిన అప్పు తీరాలి. పక్కింటి పిల్ల మాత్రలు వేస్తానంది, బడిపిల్ల. పిల్లల చేతికి మార్ఫిన్ ఇవ్వం. ఆశా కార్యకర్తతో, ఎదురింటి రెడ్డెమ్మతో మాట్లాడాం. పొద్దున రెండు కవర్లు ఒకరు, మిగిలిన మూడు ఇంకొకరు. మాత్రల డబ్బా రెడ్డెమ్మ బీరువాలో. వారానికోసారి మా సిస్టరు పోయి మిగిలినవి లెక్కపెట్టి వచ్చేది. ఒక్క మాత్ర తేడా రాలేదు. కొడుకులు ఉగాదికి తిరిగొచ్చేదాకా ఆమె ఉంది.

మనిషి పోయాక మిగిలిన మాత్రలు తిరిగి తెచ్చివ్వాలని మొదటిరోజే చెబుతాం. చెప్పడానికి ఇబ్బందిగా ఉంటుంది, ఐనా చెప్పాలి. దినాలు అయ్యాక తెస్తారు. ఆ కుటుంబం ఎదుటే లెక్కపెట్టి, రాసి, సంతకం తీసుకుని, కూర్చోబెట్టి కాసేపు మాట్లాడి పంపిస్తాం. అరల్లో పడి ఉన్న మాత్ర రేపు ఒక పిల్లవాడి నోట్లోకో, ఒక తాగుబోతు చేతికో పోవచ్చు. మార్ఫిన్‌ను ధైర్యంగా ఇవ్వడం, దాని లెక్క గట్టిగా చూడడం రెండూ ఒకే పని అని మా గురువు సిస్టరు నేర్పింది.

అలవాటు పడిపోతారేమో అన్న భయం మీ ముందుకు రోజూ వస్తుంది. దాన్ని కొట్టిపారేయొద్దు. వివరంగా చెప్పండి. కొన్ని వారాలు మార్ఫిన్ వాడిన ఎవరికైనా ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు నొప్పులు, చెమటలు, విరేచనాలు వస్తాయి. ఒంటికి మందు అలవాటైందన్నమాట. రేడియేషన్‌తో నొప్పి తగ్గినవాళ్లకు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించి మాన్పిస్తాం, మానేస్తారు కూడా. వ్యసనం వేరు. నష్టం కళ్లముందు కనపడుతున్నా ఆగలేక మందు కోసం వెతుక్కుంటూ పోవడం అది. అది కూడా జబ్బే, దానికీ మందుంది.

ఆ రెండోరకం మనిషి కూడా మా బెంచీ మీద కూర్చున్నాడు ఒకసారి. హైవే లారీ డ్రైవరు. ఉత్తరాది దాబాల దగ్గర పోస్తకాయ పొట్టు, డోడా, అలవాటైంది. తర్వాత నొప్పి మాత్రలు. మార్ఫిన్ ఇస్తారట కదా అని మా దగ్గరికొచ్చాడు. వెళ్లగొట్టడం తేలిక. మా డాక్టరుగారు ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడి, మానసిక వైద్యుల దగ్గరికి పంపారు, నన్నూ తోడు పంపారు. అక్కడ బ్యూప్రెనార్ఫిన్ మొదలుపెట్టే తీరు చూసి నేను చాలా నేర్చుకున్నాను. అది నాలుక కింద కరగాల్సిన మాత్ర. పొడిచేసి నాలుక కింద వేసి, కరిగేదాకా ఎదురుగా కూర్చుని చూస్తారు. తొందరపడి ముందే ఇవ్వకూడదు. ఒంట్లో పాత మత్తు ఉండగా ఇస్తే దాన్ని ఒక్కసారిగా నెట్టేసి మనిషిని విలవిల్లాడిస్తుంది. ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు జలదరింపు మొదలయ్యాకే మొదటి మాత్ర. ఆయన తండ్రి నెలకే మాన్పించమన్నాడు. అది కూడా జనం చేసే పొరపాటే. బీపీ మాత్రలాగా కొందరికి ఏళ్లు పట్టొచ్చు. ఆ డ్రైవరు ఇప్పుడు లారీ మానుకుని కల్లూరులోనే ఆటో తోలుకుంటున్నాడు. 2019లో కేంద్రం ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మత్తుపదార్థాలు వాడేవాళ్లు రెండు కోట్లకు పైనే, వాళ్లలో 77 లక్షల మందికి చికిత్స, సాయం అవసరం. వాళ్లకిచ్చే మందూ, క్యాన్సర్ రోగికిచ్చే మందూ ఒకే కుటుంబానివి. ఒకరి పేరు చెప్పి రెండోవాళ్లకు ఆపడం అన్యాయం.

ప్రపంచం సంగతి కూడా మీకు తెలిసి ఉండాలి. 2017లో లాన్సెట్ కమిషన్ ఒక లెక్క వేసింది. ఏడాదికి ప్రపంచంలో పంపిణీ అయిన నల్లమందు జాతి నొప్పి మందులు, మార్ఫిన్ లెక్కలో, 298.5 టన్నులు. అందులో పేద దేశాలకు చేరింది 0.1 టన్ను. మన దేశంలో అవసరమైనదాంట్లో నాలుగు శాతమే అందుతోందని అదే నివేదిక చెప్పింది. అమెరికాలో కంపెనీలు ఈ జాతి మందులను లాభాల కోసం విచ్చలవిడిగా అమ్మించి లక్షలమంది ప్రాణాలు తీశాయి. ఆ వార్తలు చదివి మనవాళ్లు మార్ఫిన్‌ను చూసి ఇంకా భయపడతారు. వాళ్ల కథ నుంచి నేర్చుకోవాల్సింది లెక్క, శిక్షణ. ఉగాండాను చూడండి. డాక్టర్ ఆన్ మెరిమన్ 1993లో అక్కడ హాస్పిస్ మొదలుపెట్టారు. మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి, బలాన్ని బట్టి రంగు వేసి, సీసాల్లో పోసి ఇంటింటికీ ఇస్తారు. శిక్షణ పొందిన నర్సులు కూడా రాసేందుకు 2004లో అనుమతిచ్చారు. ఒక ఫార్మసిస్టుగా నాకు చాలా ముచ్చటేసిన పద్ధతి అది.

మనకూ ఇప్పుడు దారి ఉంది. రాష్ట్రం రెండుగా విడిపోయిన 2014లోనే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు. 2015లో వచ్చిన నిబంధనల ప్రకారం మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అత్యావశ్యక మందులు. నాలుగైదు లైసెన్సుల గొడవ పోయింది. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలు నుంచి ఆసుపత్రికి ఆర్‌ఎంఐ (రికగ్నైజ్డ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్) గుర్తింపు ఒక్కటి తెచ్చుకుంటే చాలు. నొప్పి చికిత్సలో శిక్షణ పొందిన డాక్టరు ఒకరుండాలి, మందు భద్రంగా ఉంచే ఏర్పాటుండాలి, వచ్చే ఏడాదికి ఎంత కావాలో అంచనా పంపాలి, వాడినదానికి లెక్క చూపాలి. అంచనా వేసేటప్పుడు భయపడి తక్కువ రాయొద్దు. తక్కువ రాసిన ఏడాది చివరి నెలల్లో బీరువా ఖాళీ అయిపోయి, రోగిని వెనక్కి పంపాల్సి వస్తుంది. తనిఖీకి వచ్చే అధికారికి మన రిజిస్టరు శుభ్రంగా కనపడితే, మరుసటి ఏడాది పెంచి అడిగినప్పుడు ప్రశ్నలు రావు. రిజిస్టర్ విషయంలో నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

చట్టం మారి ఇన్నేళ్లయినా, చాలాచోట్ల ఈ మందు ఇంకా దొరకడం లేదు. దరఖాస్తు పెట్టేవాళ్లు లేకనే. ఈ వ్యాసం చదివే ఫార్మసిస్టులకు, నర్సులకు, జూనియరు డాక్టర్లకు నేను చెప్పేది ఇంతే: మీ ఊరి ఆసుపత్రికి ఆర్‌ఎంఐ గుర్తింపు ఉందో లేదో రేపే కనుక్కోండి. ఉంటే, మాత్రలు నిల్వ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీ సూపరింటెండెంటు దగ్గరికి పోయి కాగితం పెట్టించండి, ఒక డాక్టరునూ ఒక నర్సునూ శిక్షణకు పంపమని అడగండి. రెండోసారీ మూడోసారీ అడగండి.